గద పట్టాలా, బాకు పట్టాలా? మన తిరుపతి నెట్‌తో మెలీ క్లాస్ ఎంచుకునేది ఎట్లా

కొత్త ఫ్యాంటసీ గేమ్ డౌన్‌లోడ్ పెడతారు. జీబీలకు జీబీలు దిగడానికి సగం రాత్రి పడుతుంది. తీరా ఓపెన్ చేస్తే మొదటి స్క్రీన్ మీదే పెద్ద ప్రశ్న. నువ్వెవరు? ఒకడు రెండు చేతుల గొడ్డలి పట్టుకుని గుర్రుగా చూస్తుంటాడు. ఇంకొకడి దగ్గర కత్తి, డాలు. ఒకామె రెండు బాకులతో నీడలో నక్కి ఉంటుంది. వాళ్ల వెనక విల్లు వాడు, మంత్రదండం వాడు.

మనలో చాలామంది అక్కడే ఆగిపోయి యూట్యూబ్ తెరుస్తాం. 'బెస్ట్ క్లాస్' అని కొడతాం. ఎవరో అమెరికాలోనో కొరియాలోనో కూర్చుని చేసిన టియర్ లిస్ట్ వస్తుంది. అందులో పైన ఉన్నది తీసుకుంటాం. పదిహేను రోజులు తిరక్కుండానే "ఈ గేమ్ వేస్ట్ అన్నా" అని అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం.

గేమ్ వేస్ట్ కాదు. ఆ లిస్ట్ చేసినవాడి నెట్ వేరు, మన నెట్ వేరు. వాడి స్క్రీన్ వేరు, మన స్క్రీన్ వేరు. విల్లు, మంత్రం పట్టుకున్నవాడికి ఈ తేడా కొంత కప్పబడిపోతుంది. దగ్గరకెళ్లి కొట్టేవాడికి మాత్రం ప్రతి అడుగులోనూ తెలుస్తుంది. అందుకే మెలీ తీసుకోవాలనుకునే తిరుపతి, చిత్తూరు తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ లెక్క విడిగా చెప్పాలి.

మెలీ అంటే ఏంది?

ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట. గుంపులో కలియబడి కొట్టుకోవడం అని అర్థం. మనోళ్లు మెలీ అంటారు, మీలీ అంటారు, మెలే అనేవాళ్లూ ఉన్నారు. ఎట్లా పలికినా సంగతి ఒకటే. శత్రువుకు చేతికందేంత దగ్గరకు వెళ్లి కొట్టే రకం.

అసలు 'క్లాస్' అనే ఆలోచన కంప్యూటర్ గేముల్లో పుట్టలేదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. కాగితం, పెన్సిల్, పాచికలు ఉంటే చాలు. అందులో ఉన్నవి మూడే క్లాసులు: యుద్ధం చేసేవాడు, మంత్రం వేసేవాడు, దేవుడి పేరు చెప్పి గాయాలు మాన్పేవాడు. దొంగ మరుసటి ఏడాది వచ్చి చేరాడు. 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆ పంపకాన్నే ఆన్‌లైన్‌లో లక్షల మందికి అలవాటు చేశాయి. దెబ్బలు కాచే ట్యాంక్, గాయాలు మాన్పే హీలర్, దెబ్బలు వేసే డీపీఎస్. ఈ మూడు పనులూ కలిస్తేనే టీమ్.

మెలీ అంటే ఏదో ఒక క్లాస్ కాదు. వార్‌క్రాఫ్ట్‌లో ఇప్పుడు 13 క్లాసులుంటే, మేజ్, ప్రీస్ట్, వార్‌లాక్, ఎవోకర్ తప్ప మిగతా 9 క్లాసులనూ ఏదో ఒక రూపంలో దగ్గరి పోరుకు వాడుకోవచ్చు. ఫైనల్ ఫ్యాంటసీ 14లో మెలీ డీపీఎస్‌లే ఆరు ఉన్నాయి: మంక్, డ్రాగూన్, నింజా, సమురాయ్, రీపర్, వైపర్. ట్యాంకులు ఇంకో నాలుగు. కాబట్టి 'మెలీ ఆడతా' అంటే సరిపోదు. ఏ మెలీ అన్నదే ప్రశ్న.

మనకు తెలిసిన కథే

చిత్తూరు వైపు పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపసు మాను ఎక్కుతాడు. ఆఖరికి దుర్యోధనుడి వధ. మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు నేలమీద పడుకుని ఉంటాడు. భీముడు గద తిప్పుతా చుట్టూ తిరుగుతాడు, జనం అరుస్తారు, చివరికి తొడ మీద దెబ్బ పడుతుంది.

గేమ్ భాషలో చూడండి. అర్జునుడు రేంజ్డ్. భీముడు మెలీ, అందులోనూ బరువైన ఆయుధం రకం. ఎదురుగా ఉన్నవాడూ బలరాముడి దగ్గరే గద నేర్చినవాడు. ఇద్దరిదీ ఒకే క్లాస్. అక్కడ తేల్చింది క్లాస్ కాదు, దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ పడడం.

మెలీకి అసలైన పాఠం మాత్రం అభిమన్యుడి దగ్గర ఉంది. పద్మవ్యూహంలోకి దూరడం తెలుసు, బయటికి రావడం తెలీదు. వెనకాల వస్తామన్న పాండవులను సైంధవుడు వ్యూహం వాకిట్లోనే ఆపేశాడు. గేమ్‌లో రోజూ జరిగేది ఇదే. దూరం దాటించే దూకుడు స్కిల్ ఒకటి ఉంటుంది కదా అని గుంపులోకి దూకేస్తాం. బయటపడే స్కిల్ ఉండదు, లేదా ఇంకా కూల్‌డౌన్‌లో ఉంటుంది. హీలర్ అందనంత దూరంలో ఉంటాడు. "అన్నా, యాడ్నుంచి కొట్టినాడో తెలీలా, సచ్చిపోయినా" అని మైకులో వినిపిస్తుంది.

అందుకే ఏ మెలీ క్లాస్ చూసినా ముందు అడగాల్సింది 'ఎంత గట్టిగా కొడుతుంది' అని కాదు. లోపలికి ఎట్లా పోతుంది, బయటికి ఎట్లా వస్తుంది, లోపల ఎంతసేపు బతుకుతుంది. ఈ మూడు.

చిన్న లెక్క

ఒక క్లాస్ సెకనుకు 1,000 డ్యామేజ్ ఇస్తుందనుకుందాం. టియర్ లిస్ట్‌లో అదే టాప్. ఇంకోటి 800 ఇస్తుంది, లిస్ట్‌లో ఎక్కడో మధ్యలో ఉంది. మొదటిది పట్టుకుని మీరు బాస్ దగ్గర నిలబడి కొట్టగలిగింది 100 సెకన్లలో 60 సెకన్లే. మిగతా టైమ్ పారిపోవడం, చచ్చి పడి ఉండడం, మళ్లీ పరిగెత్తుకు రావడం. అంటే 60,000. రెండోదాంతో 90 సెకన్లు నిలబడ్డారు. 72,000.

లిస్ట్‌లో కింద ఉన్నది మీ చేతిలో గెలిచింది. అంకెలు నేను ఊరికే అనుకున్నవే, లెక్క మాత్రం అంతే. దగ్గర నిలబడి కొట్టగలిగిన టైమ్‌ను గేమర్లు అప్‌టైమ్ అంటారు. మంత్రం వేసేవాడికి అప్‌టైమ్ గురించి పెద్ద బెంగ ఉండదు, బాస్ పది అడుగులు అటు జరిగినా వాడికి అందుతాడు. మెలీకి మాత్రం అప్‌టైమే ప్రాణం.

తిరుపతిలో కూర్చుని ఆడేవాడి అప్‌టైమ్‌ను తినేసేవి మూడు. నెట్, చేతిలో ఉన్న స్క్రీన్, దొరికే టైమ్. మీ మెలీ క్లాస్‌ను తేల్చాల్సింది ఈ మూడే.

సముద్రం కింద 3,200 కిలోమీటర్లు

పింగ్ అంటే మీరు బటన్ నొక్కిన వార్త సర్వర్‌కు పోయి, జవాబు తిరిగి రావడానికి పట్టే టైమ్. దీన్ని ఏ రీచార్జ్ ప్యాకూ పూర్తిగా తగ్గించలేదు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది.

మీరు ఆడే సర్వర్ సింగపూర్‌లో ఉందనుకోండి. తిరుపతి నుంచి చెన్నైకి దాదాపు 135 కిలోమీటర్లు. చెన్నై తీరం నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన ఐ2ఐ సముద్రపు కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. మీ ట్రాఫిక్ అచ్చంగా ఇదే దారిలో పోయిందనుకున్నా, పోను రాను 6,600 కిలోమీటర్ల పైమాటే. అంటే 33 మిల్లీసెకన్లు. ఇది భౌతికశాస్త్రం పెట్టిన కనీస ధర. దారిలో రౌటర్లు, మీ ఇంటి వైఫై, 4జీ టవర్ దగ్గర రద్దీ, అన్నీ దీనికి కలుస్తాయి. ఆచరణలో ఇది రెండు మూడింతలు కావడం మామూలే.

సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే? తిన్నగా గీత గీసినా 13,000 కిలోమీటర్ల పైన. పోను రాను కనీసం 130 మిల్లీసెకన్లు. కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి నిజానికి 200 దాటుతుంది.

దీనికి మంచి ఉదాహరణ ఆల్బియన్ ఆన్‌లైన్. 2021 జూన్‌లో ఫోన్లకూ వచ్చింది, ఫ్రీగా ఆడొచ్చు. మొదట్లో దానికి ఉన్నది అమెరికా సర్వర్ ఒక్కటే. 2023 మార్చిలో సింగపూర్‌లో 'ఆల్బియన్ ఈస్ట్' అని కొత్త సర్వర్ తెరిచారు. కత్తి అదే, స్కిల్స్ అవే. అయినా మన వైపు నుంచి కత్తి పట్టి ఆడేవాడికి ఆట మారిపోయింది. టియర్ లిస్ట్‌లో ఈ సంగతి కనపడదు. అందుకే క్లాస్ కంటే ముందు సర్వర్ ఎక్కడుందో చూడండి.

పింగ్ ఎక్కువైతే మెలీకి ఏమవుతుంది? నేల మీద రంగు వలయం పడుతుంది. మీ స్క్రీన్ మీద మీరు బయటికి వచ్చేశారు. సర్వర్ లెక్కలో ఇంకా లోపలే ఉన్నారు. తేల్చేది సర్వరే, దెబ్బ పడుతుంది. బాస్ వీపు వెనక నిలబడి కొట్టాలి, కానీ మీరు చూస్తున్న బాస్ కొద్ది క్షణాల కిందటి బాస్. "రేయ్, నీ పింగ్‌కి మెలీ ఏందిరా, ఆర్చర్ తీస్కో పో" అని టీమ్‌లో సలహా ఇచ్చేది ఇందుకే.

ఆ సలహా సగమే నిజం. మంత్రం వేసేవాడు చాలా గేముల్లో కదలకుండా నిలబడి క్యాస్ట్ చేయాలి, కదిలితే మంత్రం ఆగిపోతుంది. మెలీవాడు నడుస్తూనే కొట్టొచ్చు. పైగా గేమ్ చేసినవాళ్లు పింగ్ సంగతి తెలియనివాళ్లు కాదు. వార్‌క్రాఫ్ట్‌లో ఒక స్కిల్ తర్వాత ఇంకోటి వాడడానికి మామూలుగా 1.5 సెకన్ల విరామం ఉంటుంది. ఆ విరామం ముగియడానికి 400 మిల్లీసెకన్ల ముందే బటన్ నొక్కేసినా సర్వర్ గుర్తుపెట్టుకుని, టైమ్ రాగానే వాడేస్తుంది. ఫైనల్ ఫ్యాంటసీ 14లో మామూలు విరామం 2.5 సెకన్లు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అయితే మరీ నిదానం. 2018లో ఫోన్లకు వచ్చిన ఈ గేమ్ గడియారం 0.6 సెకనుకు ఒక్క టిక్ మాత్రమే కొడుతుంది. 100 పింగ్ ఉన్నవాడికీ 40 పింగ్ ఉన్నవాడికీ అక్కడ తేడా చాలాసార్లు తెలియనే తెలియదు.

ఇంకో మాట. సగటు పింగ్ కంటే దాని ఊగిసలాట ముఖ్యం. నిలకడగా 90 ఉంటే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. 50 ఉండి మధ్యమధ్యలో 300కి ఎగిరితే ఏ మెలీ క్లాసూ నిలబడదు. చూసేటప్పుడు మధ్యాహ్నం మూడింటికి చూసి సంబరపడొద్దు. వీధిలో అందరూ రీల్స్ చూసే రాత్రి తొమ్మిదింటికి చూడండి. కార్తీకమాసం వానల్లో కరెంటు పోయి వచ్చే రోజున కూడా ఒకసారి చూడండి.

నాలుగు రకాల మెలీ

గేమ్ ఏదైనా, పేర్లు ఏవైనా, మెలీ క్లాసులు ఇంచుమించు ఈ నాలుగు కుప్పల్లోనే పడతాయి.

మొదటిది గోడ. డాలు పట్టి ముందు నిలబడే ట్యాంక్. వార్‌క్రాఫ్ట్‌లో ప్రొటెక్షన్ వారియర్, పాలడిన్. డయాబ్లో ఇమ్మోర్టల్‌లో క్రూసేడర్‌ది ఈ పోలికే. దీని దగ్గర జబ్బ బలం కంటే ఓపిక ఎక్కువ కావాలి. బాస్ మీవైపే తిరిగి ఉంటాడు కాబట్టి వెనక్కి పోయి కొట్టాలన్న తిప్పలు లేవు. ఒక దెబ్బ ఆలస్యంగా తప్పించుకున్నా చచ్చిపోరు. పింగ్ ఎక్కువున్నవాడిని గోడ ఎక్కువగా క్షమిస్తుంది.

రెండోది గద. గొడ్డలి, పెద్దకత్తి, కొడవలి లాంటి బరువైన ఆయుధాలు. వార్‌క్రాఫ్ట్ ఆర్మ్స్ వారియర్, డయాబ్లో బార్బేరియన్, ఫైనల్ ఫ్యాంటసీ రీపర్. దెబ్బలు తక్కువ, ఒక్కోటీ పెద్దది. ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది. వారియర్‌కు చార్జ్ అనే దూకుడు ఉంది, దెబ్బ వేసినా తిన్నా రేజ్ పెరుగుతుంది. కొత్తగా మెలీలోకి వచ్చేవాళ్లకు, ఫోన్ మీద ఆడేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

మూడోది బాకు. రోగ్, నింజా, మంక్. వేగం, వెనక నుంచి పొడవడం, వరసగా బటన్లు. చూడ్డానికి అందంగా ఉంటుంది, యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువ కనపడేదీ ఇదే. ఫైనల్ ఫ్యాంటసీ నింజా ముద్రలు పట్టాలి, అర సెకనుకు ఒకటి చొప్పున. పింగ్ 200 ఉన్నవాడికి ఆ ముద్రలు చేతికి చిక్కవు. అదే గేమ్‌లో సమురాయ్, రీపర్ అంత ఇబ్బంది పెట్టవు. బాకు అంటే మనసు పడితే ఫైబర్ కనెక్షన్, దగ్గరి సర్వర్ ఉన్నాకే దిగండి.

నాలుగోది సగం కత్తి, సగం మంత్రం. వార్‌క్రాఫ్ట్‌లో 2008లో వచ్చిన డెత్ నైట్, డయాబ్లో ఇమ్మోర్టల్‌లో 2023లో వచ్చిన బ్లడ్ నైట్. డెత్ నైట్‌కు డెత్ గ్రిప్ అని ఒక స్కిల్ ఉంది. వీడు శత్రువు దగ్గరకు పరిగెత్తడు, శత్రువునే తన దగ్గరకు లాగేస్తాడు. డెత్ స్ట్రైక్ కొడితే అంతకుముందు తిన్న దెబ్బను బట్టి ప్రాణం తిరిగి వస్తుంది. హీలర్ మీద ఆధారపడకుండా ఒంటరిగా ఆడేవాళ్లకు, ఎప్పుడు ఎవరు ఆన్‌లైన్ ఉంటారో తెలియనివాళ్లకు ఈ రకం బాగా సరిపోతుంది. అభిమన్యుడికి లేనిది ఇక్కడ ఉందన్నమాట.

బొటనవేలి కింద బాస్

రెండో సంగతి స్క్రీన్. ఫోన్ మీద ఎడమ బొటనవేలు నడకకు, కుడి బొటనవేలు దెబ్బలకు. ఆ రెండు వేళ్లే స్క్రీన్‌లో మంచి ముక్కను కప్పేస్తాయి. మెలీవాడు బాస్ కాళ్ల దగ్గరే ఉంటాడు కాబట్టి బాస్ ఒళ్లు, పక్కవాళ్ల మెరుపులు, నేల మీద వలయం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనపడతాయి. సెట్టింగ్స్‌లో ఇతరుల ఎఫెక్ట్స్ తగ్గించే వీలుంటే ముందు అది తగ్గించండి. గ్రాఫిక్స్ అందం తర్వాత చూసుకోవచ్చు.

మే నెల రాయలసీమ ఎండలో ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. బయట 40 దాటినప్పుడు, రేకుల గదిలో చార్జర్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. స్క్రీన్ కదలిక ముక్కలు ముక్కలవుతుంది. దీన్ని చాలామంది నెట్ సమస్య అనుకుని ఆపరేటర్‌ను తిడతారు. పింగ్ బాగుండి ఆట మాత్రం కుదుపుతుంటే అది వేడి. ఫ్రేమ్ రేట్ ఒక మెట్టు తగ్గించండి, చార్జర్ తీసేయండి.

బటన్ల సంఖ్య కూడా చూడండి. ఫోన్ మీద హాయిగా అందేవి ఐదారు. వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫ్యాంటసీ లాంటి కంప్యూటర్ గేముల్లో ఒక్కో మెలీ క్లాస్‌కు ఇరవై పైన ఉండడం మామూలు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో మెలీ ఆడాలని చూడొద్దు. మామూలు మౌస్ చాలు, కానీ మౌస్ ఉండాలి.

డేటా గురించి బెంగ వద్దు. ఆడేటప్పుడు ఖర్చయ్యేది వీడియో చూసేదాంతో పోలిస్తే తక్కువే. డౌన్‌లోడ్, అప్‌డేట్లే బరువు. అవి కాలేజీ నుంచి ఇంటికొచ్చాక వైఫైలో కానిచ్చేయండి.

ముందు నిలబడేవాడు రాకపోతే

మూడోది టైమ్. ఇది పైకి చిన్నదిగా కనపడుతుంది కానీ స్నేహాలు తేలేది ఇక్కడే.

తిరుపతి చదువుల ఊరు. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015 నుంచి ఐఐటీ, ఐసర్, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. నాలుగేళ్లు ఒకే హాస్టల్ గదిలో ఉన్నవాళ్లు చదువు అయిపోగానే చెదిరిపోతారు. ఒకడు బెంగళూరు, ఒకడు చెన్నై, ఒకడు హైదరాబాద్, ఇంకొకడు టెక్సస్. పెళ్లిళ్లకు కలుస్తామనుకుంటాం, లీవు దొరకదు. మా లాంటి బ్యాచ్‌లు చాలావాటికి వారానికి ఒక రాత్రి గేమ్‌లో కలవడమే ఇప్పుడు మిగిలిన కలయిక. బాస్ చావడం సాకు మాత్రమే. అసలు పని వాడి మేనేజర్ గురించి, వీడి సంబంధాల గురించి మాట్లాడుకోవడం.

ఐదుగురి టీమ్‌లో ట్యాంక్ ఒక్కడే, హీలర్ ఒక్కడే. డీపీఎస్‌లు ముగ్గురు. ఒక డీపీఎస్ రాకపోతే ఇంకొకడిని వెతుక్కోవచ్చు. ట్యాంక్ రాకపోతే ఆ రాత్రి ఆట లేదు. గోడగా ఉంటానని ఒప్పుకున్నవాడు "ఈరోజు రిలీజ్ ఉంది మచ్చా, రాలేను" అని మూడు వారాలు అన్నాడంటే నాలుగో వారం గ్రూప్‌లో మెసేజ్ పడదు. ఎవరూ కొట్లాడుకోరు. నెమ్మదిగా ఆ రాత్రి అందరి క్యాలెండర్‌లోంచీ పోతుంది, అంతే.

కాబట్టి షిఫ్టులు మారే ఉద్యోగం మీదైతే, పదింటికి వైఫై ఆపేసే హాస్టల్‌లో ఉంటే, సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే మెలీ డీపీఎస్ తీసుకోండి. అది మర్యాద. ప్రతివారం కచ్చితంగా రెండు గంటలు ఇవ్వగలిగితే ట్యాంక్ మీదే. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లతో ఆడేటప్పుడు ట్యాంకులకు గిరాకీ ఎక్కువ, డీపీఎస్‌లే వరసలో ఎక్కువసేపు కాచుకోవాలి. రోజుకు గంట మాత్రమే దొరికేవాడు, కూర్చున్న గంట సేపూ కదలకుండా ఉండగలిగితే, ట్యాంక్ తీసుకుంటే ఆ గంటలో ఆట ఎక్కువ, ఎదురుచూపు తక్కువ.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. టీమ్‌లో అమ్మాయి చేరగానే "నువ్వు హీలర్ తీసుకో, అది ఈజీ" అనే అలవాటు మన బ్యాచ్‌లలో ఉంది. మొదటి సంగతి, హీలింగ్ ఈజీ కాదు. రెండో సంగతి, ఎవరికి ఏ ఆయుధం నచ్చుతుందో వాళ్లను అడగాలి. గొడ్డలి పట్టాలనుకున్న అమ్మాయి చేతిలో దండం పెడితే ఆమె నాలుగు రోజులు మర్యాదకు ఆడి మానేస్తుంది. టీమ్‌కు ఒక మంచి వారియర్ లేకుండా పోతుంది.

తప్పు పట్టినా దిద్దుకోగలమా?

క్లాస్ మార్చుకోవడం ఎంత కష్టం అన్నది గేమ్‌ను బట్టి ఉంటుంది. దీన్ని ముందే తెలుసుకుంటే సగం భయం పోతుంది.

వార్‌క్రాఫ్ట్‌లో క్లాస్ మార్చలేరు, కొత్త క్యారెక్టర్ మొదటి నుంచి పెంచాలి. ఫైనల్ ఫ్యాంటసీ 14లో ఒకే క్యారెక్టర్ ఆయుధం మారిస్తే క్లాస్ మారుతుంది. దాని లెవల్ విడిగా పెంచుకోవాలి, అంతే. దాని ఫ్రీ ట్రయల్‌లో లెవల్ 70 దాకా రోజుల పరిమితి లేకుండా ఆడొచ్చు. ఆల్బియన్‌లో అసలు క్లాసే లేదు. ఒంటిమీద ఏది ఉంటే అదే మీరు. ఈరోజు కత్తి, రేపు గద. కాకపోతే ప్రమాదకరమైన ప్రాంతాల్లో చస్తే ఒంటిమీదున్న సామానంతా పోతుంది. పోయినా బాధపడని సామాను వేసుకుని పోవడమే అక్కడ తెలివి. డయాబ్లో ఇమ్మోర్టల్‌లో పెంచిన క్యారెక్టర్‌కే క్లాస్ మార్చుకునే వీలుంది. రూన్‌స్కేప్‌లో క్లాసులు లేవు. అటాక్, స్ట్రెంగ్త్, డిఫెన్స్ పెంచుకుంటే మెలీ.

జేబు సంగతి కూడా. ఫోన్ గేములు చాలావాటిలో "ఈ రత్నం కొంటే నీ కత్తి బలం పెరుగుతుంది" అని ఊరిస్తుంటారు. డయాబ్లో ఇమ్మోర్టల్ మీద ప్రపంచమంతటా వచ్చిన పెద్ద విమర్శ ఇదే. మెలీవాళ్లు ఈ వలలో తొందరగా పడతారు, ఎందుకంటే ఊరికే చచ్చిపోతుంటే బలం చాలలేదేమో అనిపిస్తుంది. చావుకు కారణం పింగో, వేడో, తొందరో అయితే వెయ్యి రూపాయల రత్నం దాన్ని మార్చదు. మొదటి నెల ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

ఐదు ఫైట్ల పరీక్ష

టియర్ లిస్ట్ మూసేసి ఈ పని చేయండి. మీకు నచ్చిన మెలీ క్లాసులు రెండు తీసుకోండి. ఒకటి మనసుకు నచ్చింది, ఒకటి పైన చెప్పిన లెక్కకు సరిపోయేది. రెండింటినీ ఒక మోస్తరు లెవల్‌కు తెండి. మీరు మామూలుగా ఆడే టైమ్‌లో, మామూలుగా ఆడే ఫోన్ మీద, ఒకే బాస్‌తో ఐదేసి సార్లు ఆడండి. స్క్రీన్ రికార్డ్ పెట్టుకోండి.

తర్వాత వీడియో చూస్తూ రెండే రాసుకోండి. ఎన్నిసార్లు చచ్చారు? ఎన్ని సెకన్లు బాస్‌కు అందనంత దూరంలో ఉన్నారు? ప్రతి చావు పక్కన కారణం ఒక్క మాటలో: పింగ్, వేడి, వేలు అడ్డం, తొందర. 'తొందర' ఎక్కువగా కనపడితే ఆ క్లాస్ వదలొద్దు, అది ఆడేకొద్దీ పోతుంది. 'పింగ్' ఎక్కువగా కనపడితే ఎంత ఇష్టమైనా ఆ సర్వర్‌లో ఆ క్లాస్ మీకు కాదు. సర్వర్ మార్చండి, కుదరకపోతే గదవైపో గోడవైపో జరగండి.

రెండు క్లాసులకూ అంకెలు దాదాపు సమానంగా వస్తే ఇంక ఆలోచించకుండా మనసుకు నచ్చింది తీసుకోండి. వందల గంటలు ఆ బొమ్మ వీపునే చూడబోతున్నారు. ఆపైన మీ బ్యాచ్ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి: "శనివారం తొమ్మిదిన్నరకి. ముందు నేను నిలబడతా. ఎవరెవరు వస్తాండారు?"